సి టైపు సంసారం

మా బంధువర్గంలో నాకు 'సాఫ్ట్‌వేర్' అని పేరు. టీవీ రిమోట్ పలక్కపోయినా, గీజర్ వేడెక్కకపోయినా, పిన్నిగారి వాట్సాప్ మాయమైపోయినా కబురు నాకే వస్తుంది. ఆఫీసులో నేను చేసేది ఎక్సెల్ షీట్లో గళ్లకు రంగులు వేయడం, ఆ రంగులు ఎందుకు వేశానో మీటింగుల్లో చెప్పుకోవడం. ఈ గుట్టు ఇన్నాళ్లూ భద్రంగానే కాపాడుకొచ్చాను. దాన్ని కాస్తా ఒక ఛార్జర్ రట్టు చేసింది.

ఆఫీసువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ నాజూగ్గా ఉంటుంది. దానితోపాటు ఇచ్చిన ఛార్జర్ మాత్రం అచ్చంగా ఇటుక. వైరు చుట్ట చుట్టి సంచీలో పెడితే ఇక టిఫిన్ బాక్సుకు చోటుండదు. వారంలో కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు. అటూ ఇటూ మోయలేక దాన్ని ఆఫీసు బల్ల కిందే వదిలేసి, ఇంటికి ఇంకొకటి ఇప్పించండని హెల్ప్‌డెస్కుకు విన్నవించుకున్నాను. ఒక ఉద్యోగికి ఒకటే ఛార్జర్ అని జవాబొచ్చింది. అదే కంపెనీది బయట కొనుక్కుందామని వాకబు చేస్తే నాలుగు వేల పైమాటే అన్నారు.

నాలుగు వేలు! ఇంట్లో టీవీ బల్ల సొరుగు నిండా ఛార్జర్లు పెట్టుకుని ఇంకో ఛార్జరుకి నాలుగు వేలు పోసే మనిషిని కాను నేను. ఆ సొరుగు మా ఇంటి పురావస్తుశాల. అట్టడుగున నోకియా సన్న పిన్నువి. దానిపైన నోకియా లావు పిన్నువి. ఆ రోజుల్లో పెళ్లికి వెళ్తే విడిదింట్లో మొదటి పలకరింపు "సన్న పిన్నుందా, లావు పిన్నుందా?" అనే. వాటి మీద మైక్రో యూఎస్‌బీలు, ఎప్పుడో చచ్చిపోయిన కెమెరాది ఒకటి, దేనిదో ఎవరికీ తెలియని పన్నెండు వోల్టులది ఒకటి. అన్నిటికన్నా పైన, ఈ మధ్య చేరిన సి టైపు సంతానం. ఏదీ పారేయనివ్వను. "ఎప్పుడో పనికొస్తుంది" అనేది నా సిద్ధాంతం. ఆ 'ఎప్పుడో' వచ్చేసిందని ఆ రోజు నాకు అనిపించింది.

మా ఆవిడ ఫోనుకు డబ్బాలోనే వచ్చిన ఛార్జర్ మీద 80 వాట్లు అని బంగారు రంగులో రాసి ఉంది. నా ల్యాప్‌టాప్‌కు కావలసింది 65. ఎనభై అరవై అయిదుకన్నా పెద్దది. రంధ్రం అదే, వైరు చివర మూతి అదే. ఇంకేం కావాలి? ఈ లెక్క నేను పెద్ద గొంతుతో, అందరికీ వినబడేలా చెప్పాను.

"అంత సులువైతే వాళ్లు వేరేగా ఎందుకు అమ్ముతారండీ?" అంది మా ఆవిడ, వంటింట్లోంచి.

"మనలాంటి అమాయకుల్ని దోచుకోవడానికి" అన్నాను. 'మనలాంటి' అన్నానే కానీ, ఆ అమాయకుల్లో నేను లేననే నా ఉద్దేశం.

పెట్టాను. ముందు అసలు చిహ్నమే వెలగలేదు. ల్యాప్‌టాప్‌కు ఉన్న రెండు సి రంధ్రాల్లో ఒకదాని పక్కనే ప్లగ్గు బొమ్మ ఉందని, రెండోది ఛార్జింగుకు కాదని కాసేపటికి కనిపెట్టాను. సరైన దాంట్లో పెట్టగానే మెరుపు గుర్తు వెలిగింది. వంటింటి వైపు ఒక విజయహాసం విసిరి మీటింగులో కూర్చున్నాను. అప్పటికి బ్యాటరీ 60 శాతం ఉంది. రంగుల గళ్ల గురించి మాట్లాడుతూ ఓసారి మూలకు చూస్తే 41. మెరుపు గుర్తు వెలుగుతూనే ఉంది, అంకె దిగుతూనే ఉంది. పక్కనే 'నెమ్మది ఛార్జర్' అని హెచ్చరిక కూడా వచ్చిందిట. ఏ హెచ్చరికొచ్చినా చదవకుండా మూసేయడం నాకు వృత్తిరీత్యా అబ్బిన అలవాటు. మీటింగులు ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి వచ్చాయి. సాయంత్రం మేనేజరుగారు నన్నేదో అడుగుతుండగానే తెర నల్లబడింది.

ఫోన్లోంచి మళ్లీ చేరి, "కరెంటు పోయిందండీ" అన్నాను. సరిగ్గా అదే క్షణానికి నా వెనక మిక్సీ గుర్రుమంది. కొబ్బరి పచ్చడి.

ఇక మా మావయ్యగారి ప్రవేశం. ఆయన విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. సంస్థలు ఎన్నిగా చీలినా ఆయనకు అది ఇప్పటికీ 'బోర్డే'. కరెంటు పోయిందన్న అబద్ధం ఆయన ఉన్న ఇంట్లో ఆడటం, పూజారి ముందు తిథి తప్పు చెప్పడమే. పేపరు మడిచి పక్కన పెట్టి, అక్షరాలు చూసే భూతద్దం తెప్పించుకుని, ఆవిడ ఛార్జర్ వెనక్కి తిప్పారు. ఆ బూడిద రంగు మీద బూడిద రంగు అక్షరాలు చీమ తలకాయల్లో సగం ఉంటాయి. పంచాంగ శ్రవణంలా పైకి చదివారు.

"ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు. బాగుంది. అవుట్‌పుట్ 5 వోల్టులు, 2 ఆంపియర్లు. లేదా 11 వోల్టులు, 7.3 ఆంపియర్లు. అల్లుడుగారూ, తమరి ల్యాప్‌టాప్ ఓసారి బోర్లా పడుకోబెట్టండి."

పడుకోబెట్టాను. అడుగున 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంది. కొన్నప్పటినుంచీ, అంటే వాళ్లు ఇచ్చినప్పటినుంచీ, నేను దాని అడుగు చూసిన పాపాన పోలేదు.

ఆయన పేపరు అంచున లెక్క కట్టారు. పదకొండును ఏడు పాయింటు మూడుతో గుణిస్తే 80 వాట్లు. నిజమే, అబద్ధం లేదు. కానీ ఆ పదకొండు వోల్టులు దాని సొంత ఫోనుకే, దాని సొంత వైరుతోనే. మిగతా ప్రపంచానికి అయిదు రెళ్లు పది వాట్లు. "మీ ల్యాప్‌టాప్ 20 వోల్టులు అడుగుతోంది. ఈ కాగితంలో ఇరవై అనే మాటే లేదు కదా?" అన్నారు. కాగితమంటే ఆయన ఉద్దేశం ఛార్జర్ వీపు. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆ అయిదు వోల్టుల్ని అసలు ముట్టుకోవట. నాది కాస్త మొహమాటస్తురాలు, పెట్టింది తింటూ నీరసించిపోయింది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. సి టైపు లోకంలో జరిగేది అక్షరాలా ఇదే. ఫోను కంపెనీల ఛార్జర్లు కొన్ని తమవాళ్లు కనబడితే నేతి గిన్నె బోర్లించేస్తాయి, పరాయివాళ్లకు పులుసు చుక్క విదిలిస్తాయి. వీటికి భిన్నంగా, అందరికీ ఒకే మర్యాదతో వడ్డించే పద్ధతి ఒకటుంది. దాన్ని 'పవర్ డెలివరీ' అంటారు, డబ్బా మీద 'పీడీ' అని ఉంటుంది. 2014లో ఖరారైన ఈ సి మూతిలో, వేలి గోరంత చోటులో, 24 స్పర్శ బిందువులున్నాయి. అందులో ఒక దారి కేవలం మాటామంతీకి. ఛార్జర్ ముందుగా 5 వోల్టులు మాత్రమే పెడుతుంది. తర్వాత "నా దగ్గర 5, 9, 15, 20 ఉన్నాయి, ఒక్కోటి ఇన్నేసి ఆంపియర్లు" అని జాబితా చదువుతుంది. ల్యాప్‌టాప్ తనకు కావలసింది అడుగుతుంది. ఛార్జర్ సరేనన్నాకే ఆ వోల్టులు వస్తాయి. అందుకే 65 వాట్ల యంత్రానికి 100 వాట్ల పీడీ ఛార్జర్ పెట్టినా ఏమీ కాలిపోదు, అడిగినంతే తీసుకుంటుంది. తక్కువదైతేనే తంటా.

ఇదంతా మావయ్యగారు చెబుతుంటే నాకు ముందే తెలుసన్నట్టు తలాడిస్తూ విన్నాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి నా తల ఆడే తీరు చూస్తోంది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు మావయ్యగారితో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లాను. ఆ కంప్యూటర్ బజారు మధ్యలో నిలబడితే నాకెప్పుడూ నా చదువు మీద గౌరవం తగ్గుతుంది. కొట్టు కుర్రాడు "ఎంత సార్?" అన్నాడు. "టైప్ సి" అన్నాను, ధీమాగా. "అది పిన్ను సార్. వాట్లెంత?" మావయ్యగారు అటు తిరిగి దగ్గారు. దగ్గు అని నేను అనుకుంటున్నాను.

ముందు చవక రకం తీశాడు. ముఖం మీద '65' అని బొటనవేలంత అంకె. వెనక తిప్పితే బీఐఎస్ గుర్తు లేదు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరూ లేదు. అడాప్టర్లకు మన దేశంలో ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. మావయ్యగారు ఆ ఛార్జర్ని రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు, తిరిగి ఇచ్చేశారు. రెండోది గుర్తులన్నీ ఉన్నదే కానీ, అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. ఆయనకు అనుమానం తగ్గలేదు. "ఇంతలో 65 వాట్లా? ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ పెట్టాడు?" అన్నారు. ఆ రోజుకు నాకు దక్కిన ఒకే ఒక్క అవకాశం అది. డబ్బా మీద చదివిందీ, కుర్రాడు చెప్పిందీ కలిపి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఇందులో సిలికాన్ బదులు గేలియం నైట్రైడ్ వాడతారు, సెకనుకు లక్షసార్లకు పైగా స్విచ్చి వేసి తీస్తుంది, అంత వేగంలో ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైనా చాలు, వేడి కూడా తక్కువే అని. "మా 50 సైకిళ్ల రోజులు వేరు లెండి" అని ఒప్పుకున్నారు. ఆనందం పట్టలేక, రెండు రంధ్రాలున్న రకం కొన్నాను. ఒకటి నాకు, ఒకటి ఆవిడకు. సంసారంలో శాంతి కూడా బేరంలో కలిసొస్తుందనుకున్నాను.

వైరు మాత్రం కొనలేదు. "ఇంట్లో బోలెడున్నాయి" అన్నాను. నాలోని పిసినారి సామాన్యంగా చావడు.

ఇంటికొచ్చి మా అమ్మాయి ట్యాబ్లెట్ వైరు చెప్పకుండా లాక్కుని తగిలిస్తే, మళ్లీ అదే హెచ్చరిక. ఈసారి చదివాను. మామూలు సి వైరు మోసేది 3 ఆంపియర్లే. ఇరవై మూళ్లు అరవై, అంతటితో సరి. నా ల్యాప్‌టాప్‌కు 3.25 కావాలి. మూడు దాటాలంటే వైరు మూతిలోనే ఒక చిన్న చిప్పు ఉండాలి. నేను 5 ఆంపియర్లకు పనికొస్తాను అని ఆ చిప్పు సాక్ష్యం చెబితేగానీ ఛార్జర్ మూడు దాటదు. పావు ఆంపియర్ కోసం మళ్లీ సీటీసీ. 100 వాట్లు అని రాసి ఉన్న వైరు కొని తెచ్చాను. ఇప్పుడు 240 వాట్ల వైర్లు కూడా అమ్ముతున్నారు. 2021లో వచ్చిన కొత్త పీడీ 48 వోల్టుల దాకా వెళ్తుంది. అది నా స్థాయికి మించిన సంబంధం.

చిక్కేమిటంటే, చిప్పున్న వైరూ చిప్పులేని వైరూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. వారం తిరక్కుండా నాది సొరుగులో కలిసిపోయింది. దొరికాక దానికి గుర్తుగా నల్లదారం ముక్క తెచ్చి మూడు ముళ్లు వేశాను. మా అత్తగారు చూసి, "మంచి పని చేశారు బాబూ, ఆ లాప్టాపుకి దిష్టి బాగా తగులుతోంది" అన్నారు. కాదని చెప్పడానికి మొహం చెల్లలేదు.

శాంతి సంగతి కూడా చెప్పాలి. ఆ రెండు రంధ్రాల ఛార్జర్ నేనొక్కణ్నే తగిలిస్తే 65 నాకే ఇస్తుంది. ఆవిడ ఫోను రెండోదాంట్లో పెట్టిన మరుక్షణం ఇద్దరికీ ఓ క్షణం కరెంటు ఆపేసి, మళ్లీ బేరం మొదలుపెట్టి, 45, 20గా పంచుతుంది. మీటింగు మధ్యలో టింగుమని శబ్దం, మళ్లీ హెచ్చరిక. మీటింగులప్పుడు ఎవరూ అందులో ఏమీ పెట్టకూడదని నేనొక శాసనం చేశాను. "ఎనభై తాగే నా ఫోను మీ పుణ్యమా అని ఇరవైతో సరిపెట్టుకుంటోంది. అడగాల్సింది నేను" అని ఆవిడ దాన్ని కొట్టేసింది. ఐరోపా సమాఖ్యవాళ్లు 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లకు, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకు సి రంధ్రమూ, వేగంగా ఛార్జయ్యేవాటికి పీడీ కూడా ఉండి తీరాలని చట్టం చేశారు. ఒకే రంధ్రంలో ఎవరు ముందు పెట్టాలన్నది ఆ చట్టంలో లేదు. ప్రస్తుతం ఆవిడ పాత ఛార్జర్ మంచం పక్క బోర్డులో ఆవిడ ఫోనుకే అంకితమై ఉంది. రెండో రంధ్రం ఖాళీగా ఉంటోంది. రెండు రంధ్రాలకు ఇచ్చిన అదనపు డబ్బుల ప్రస్తావన ఇంట్లో ఎవరూ తేవడం లేదు, నాతో సహా.

బంధుమిత్రులకు ఒక మనవి. మా ఇంటికొచ్చి "టైప్ సి ఉందా?" అని అడక్కండి. ఉంది, సొరుగు నిండా ఉంది. మీ వస్తువు బోర్లించి, అడుగున వోల్టులెన్నో ఆంపియర్లెన్నో చూసి, ఆ అంకెలు చెప్పి అడగండి, సరిపోయేది వెతికి ఇస్తాను. నల్లదారం కట్టిన వైరు మాత్రం ఎవరికీ ఇవ్వబడదు.