రూఫ్ చూసే మామ

గోదావరిఖని చౌరస్తా దగ్గర ఏ హోటల్లో చాయ్ చెప్పినా పక్క బల్ల దగ్గర ఒక ఇంటర్వ్యూ మామ కనిపిస్తాడు. రిటైరైన మైనింగ్ సర్దార్. ఫస్ట్ షిఫ్ట్ అలవాటు పోక ఇప్పటికీ నాలుగున్నరకే లేస్తాడు. లేచాక చేసే పనేమీ లేదు. బొగ్గు బాయిలో సర్దార్ చూసుకునే భాగాన్ని డిస్ట్రిక్ట్ అంటారు. ఇప్పుడు మామ డిస్ట్రిక్ట్ ఈ హోటళ్లు, వాటిలోని నిరుద్యోగులు ఆయన మనుషులు.

ఎక్కడికి వెళ్లినా మామ కూర్చోబోయే ముందు తలెత్తి పైకప్పు చూస్తాడు. పెళ్లి మండపమైనా, బ్యాంకైనా, వియ్యంకుడి ఇల్లైనా సరే. సర్దార్ అంటే ముందు నడిచి, కర్రతో రూఫ్ తట్టి, చప్పుడు వినేవాడు. గట్టిగా ఖంగుమంటే మనుషుల్ని రానిస్తాడు. బోలుగా మోగితే ఎవరినీ అటు పోనివ్వడు. ఇంటర్వ్యూలకు వెళ్లే కుర్రాళ్ల జవాబుల్నీ మామ ఇలాగే తట్టి వింటాడు.

మొన్న సెంటినరీ కాలనీలోని జేఎన్టీయూలో బీటెక్ చదివిన ఒకడు వచ్చాడు. అమీర్‌పేటలో నేర్చుకున్న ఇంగ్లీషు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. హార్డ్ వర్కింగట, టీమ్ ప్లేయరట.

మామ వేలితో బల్ల తట్టాడు. "బోలు మోగుతాంది బిడ్డా. టీమ్ ప్లేయర్ అంటివి గదా, ఎవలతోని కలిసి ఏం పని జేసినవ్?"

వాడు నసిగాడు. పోయిన సమ్మక్క జాతరకి గోదావరి ఒడ్డున లైట్లు కట్టే పనిలో ఉన్నాడట. అర్ధరాత్రి జనరేటర్ ఆగిపోతే నలుగురు కలిసి ఇంకో జనరేటర్ మోసుకొచ్చారట.

"గది చెప్పు! గిది ఖంగుమన్నది!"

నిజం చెప్పొద్దూ, నేను ఫీజు కట్టి విన్న క్లాసుల్లో కూడా ఇంత పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు. మామ అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

"ఐదేండ్లకి నువ్వు యాడుంటవ్ అని అడుగుతరు. పర్మినెంట్ అయితనని చెప్పాలె. భూమి లోపల ఏడాదికి 190 మస్టర్లు నింపిన బదిలీ వర్కర్ పర్మినెంట్ అయిండు గదా, నువ్వెందుకు గావు?" బాయి హాజరు లెక్కలతో హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లేవాడికి ఇస్తున్న శిక్షణ ఇది. జీతం మాట వస్తే ముందు క్వార్టర్ అడగమంటాడు. తర్వాత ఫ్రీ కరెంటు. ఆ తర్వాత, ప్లేడే నాడు, అంటే వారపు సెలవు రోజు, పనికొస్తే డబుల్ ఇస్తారా లేదా.

ఇంతకీ రిటైరయ్యేలోపు మామ ఇచ్చిన ఇంటర్వ్యూలెన్ని? ఒకటి. బాయిలో దీపం ఒత్తి తగ్గించినప్పుడు మంట మీద నీలం టోపీ కనబడితే ఏం చేస్తావని ఒక ఆఫీసర్ అడిగాడట. మీథేన్ ఉందంటే అలా కనబడుతుంది. "మొదలు మనుషుల్ని బయటికి తీస్త సార్, ఎంత గ్యాసున్నదో తర్వాత జూస్త" అన్నాడట మామ. రెండో ప్రశ్న పడలేదు. ఈ కథ ఊళ్లో అందరికీ కంఠతా వచ్చు.

2016 జనవరి 1 నుంచి కేంద్రం కింది స్థాయి కొలువులకు ఇంటర్వ్యూలు ఎత్తేసిందని పేపర్లో చదివిన రోజు మామ చాయ్ సగంలో వదిలేసి వెళ్లాడు. కొలువు ఇచ్చేవాడు మనిషి ముఖం చూడకపోతే ఎట్లా అని వారం రోజులు రుసరుసలాడాడు.

ఒక్క ఇంటర్వ్యూ గురించి మాత్రం మామ ఎవరికీ సలహా చెప్పడు. అది బాయి కార్మికులను పరీక్షించే కొత్తగూడెం మెడికల్ బోర్డు. అక్కడ కూర్చునేది కొడుకు కాదు, తండ్రి. తండ్రి అన్‌ఫిట్ అని తేలితే కొడుక్కి కొలువు దొరుకుతుంది. ముప్పై ఏళ్లు తట్టా చెమ్మసు పట్టి బొగ్గెత్తినవాడు ఫిట్‌గా తేలి తిరిగొస్తే ఇంట్లో పొయ్యి వెలగని రోజులున్నాయి. ఆ బోర్డు మాట ఎవరైనా ఎత్తితే మామ చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చుంటాడు.

ఈ మధ్య కోడలి పోరు పడలేక మామ స్వయంగా ఒక ప్రైవేటు గోదాంలో సూపర్‌వైజర్ పనికి ఇంటర్వ్యూకి వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. లోపలికి పోంగనే నమస్తే పెట్టాలి, కళ్లల్లోకి చూసి మాట్లాడాలి, అడగందే కూర్చోవద్దు. అన్నీ ఆయన నలుగురికీ నేర్పినవే. లోపలికి అడుగు పెట్టి తలెత్తి పైకి చూశాడు. చూపు అక్కడే నిలిచిపోయింది.

"మీ గురించి చెప్పండి" అన్నాడు మేనేజర్.

"జెప్త సార్. మొదలు మీరు కుర్చీ జర ఇటు జరుపుకోండి. మీ నెత్తి మీది పెచ్చు ఊడేటట్టున్నది."

మేనేజర్ నవ్వాడు. మామ నవ్వలేదు. మూలనున్న గొడుగు తీసుకుని బల్ల ఎక్కబోయాడట, తట్టి చూడ్డానికి.

కొలువు వచ్చిందా మామా అని మర్నాడు అడిగాను.

"పోలేదురా. రూఫ్ మంచిగ లేదు."