అందనంత ఎత్తులో ఆవకాయ

బెంగళూరు శివార్లలో, కర్ణాటక సరిహద్దు మీదున్న అత్తిబెలెలో ఏ కొత్త అపార్ట్‌మెంటు గేటు ముందు నిలబడ్డా ఇద్దరు పలకరిస్తారు. ఒకడు హోమ్ లోన్ ఇప్పించేవాడు, ఇంకొకడు మాడ్యులర్ కిచెన్ చేయించేవాడు. మొదటివాడు మనల్ని అప్పులోకి దించుతాడు, రెండోవాడు మన సామాన్లని అటకెక్కిస్తాడు. మొదటివాడి సంగతి ఇప్పుడొద్దు. ఇరవై ఏళ్ల ఈఎంఐ ఉందిగా, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

రెండోవాడి సిద్ధాంతం ఒక్కటే: వంటిల్లు చిన్నదైతే పైకి పెంచు. ఎనిమిదడుగులకి ఏడడుగుల గదిలో నేల ఎలాగూ లేదు, గోడ ఉంది కదా! గట్టు మీది నుంచి స్లాబు దాకా కబోర్డులు దట్టించేస్తే స్పేస్ వేస్టవదట, దుమ్ము పట్టదట, లుక్ ప్రీమియంగా ఉంటుందట. లాప్‌టాప్‌లో త్రీడీ బొమ్మ తిప్పుతూ చెబుతాడు. ఆ బొమ్మలో గట్టు మీద పచ్చ ఆపిల్ పళ్ల గిన్నె ఉంటుంది, పూలకుండీ ఉంటుంది. కుక్కరుండదు. మనిషి అసలే ఉండదు. ఉంటే ఆమె చెయ్యి ఎక్కడిదాకా వెళ్తుందో బయటపడుతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన ఆడవాళ్ల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే ఐదడుగులు. అంత ఎత్తు మనిషి చెయ్యెత్తి డబ్బా పట్టుకోగలిగేది మహా అయితే ఆరడుగుల దగ్గర. మధ్యలో రెండడుగుల వెడల్పు గట్టు అడ్డం కాబట్టి అందులోనూ రెండు మూడంగుళాలు కోత. మనవాడు వేసే డ్రాయింగేమో ఇదీ: గట్టు 34 అంగుళాలు, దాని పైన 24 అంగుళాల ఖాళీ, అక్కణ్ణుంచి రెండున్నర అడుగుల కబోర్డు, దాని నెత్తిన లాఫ్టు. కింది అర చేతికందుతుంది. మధ్య అర ఐదడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర, మునివేళ్లకి తగులుతుంది. మూడోది ఆరున్నర అడుగుల మీద, దేవుడికే.

హోసూరు రోడ్డు మీద టోలు దాటి కాస్త ముందుకెళ్తే జూజువాడి, తమిళనాడు. అత్తిబెలె వంటింట్లోనూ ఐదడుగుల పది అంగుళాల దగ్గర అలాంటి సరిహద్దే ఒకటి పుట్టింది. అది దాటాలంటే ప్లాస్టిక్ స్టూలనే పర్మిట్టు కావాలి.

ఇంతకీ కొలతలు ఎవర్ని చూసి తీశారు? అయ్యగారిని. "సార్, అందుతుందా?" అంటే ఐదడుగుల తొమ్మిదంగుళాల సారు చెయ్యి చాపి "ఓ, భేషుగ్గా" అనేసి, సంతకం పెట్టి, ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసుకి వెళ్లిపోతారు. ఆ చెయ్యి మళ్లీ ఆ కబోర్డు మీద పడేది గృహప్రవేశంనాడు, చుట్టాలకి చూపించడానికి. అప్పటికి అనంతపురం నుంచి ఆవకాయ జాడీ మోసుకొచ్చిన అత్తగారు హైడ్రాలిక్ షట్టరు ముందు నిలబడి ఉంటుంది. అది వేలు తగిలితే చాలు, సుయ్యిమని పైకి లేచి ఏడడుగుల మీద ఆగుతుంది. "ఏమ్మా, దీన్ని మూసేదెట్ల?" "ఉండత్తా, అట్లకాడ తెస్తా." సాఫ్ట్ క్లోజ్ అంటే ఇదే.

నోరెత్తామా, "ఇంటర్నేషనల్ స్టాండర్డ్ మేడమ్" అంటాడు. ఆ మాటకొస్తే అమెరికాలో గట్టుకీ పై కబోర్డుకీ మధ్య మామూలుగా 18 అంగుళాలే. మనకి పనికొచ్చే ముక్క అదొక్కటే, దాన్ని మాత్రం తేడు. మిక్సీ పెట్టే మూల ఇంకో మూడు నాలుగంగుళాలు వదిలినా, కబోర్డు కిందికి దిగి రెండో అర హాయిగా చేతికొస్తుంది. పొయ్యి మీద చిమ్నీకైతే 26 నుంచి 30 అంగుళాలు తప్పవు. అయితే చిమ్నీకీ కబోర్డుకీ అడుగు భాగాలు ఇంచుమించు ఒకే గీతలో ఉండాలట, లేకపోతే ఫొటోలో బాగోదట. ఫొటో కోసం ఇల్లాలు ముప్ఫై ఏళ్లు మునివేళ్ల మీద నిలబడాలి.

1926లో మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టించే కార్మికుల ఇళ్లకి ఓ చిన్న వంటిల్లు గీసింది. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. మన అత్తిబెలె వంటింటి కన్నా కాస్త పెద్దది, అంతే. అలాంటివి పదివేల దాకా కట్టారు. అందులో బియ్యమూ పంచదారా పోసుకునే అల్యూమినియం సొరుగులు చేతికందే ఎత్తులో, కూర్చుని కూరలు తరుక్కోడానికి ఒక స్టూలు. అప్పటికి తనకి వంటే రాదని ఆవిడే తర్వాత చెప్పుకుంది. మన డిజైనరుకీ రాదు, ఆ పోలిక వరకూ సరే. కానీ ఆవిడ వంట చేసేవాళ్ల అడుగులూ నిమిషాలూ లెక్క కట్టింది, ఇతను చదరపు అడుగులు లెక్క కడుతున్నాడు.

అసలు కిటుకు అక్కడే ఉంది. బిల్లు చదరపు అడుగుల మీద. రెండు గోడలూ కలిపి పదడుగుల మేర కబోర్డు రెండడుగులు పైకి పాకితే ఇరవై చదరపు అడుగులు. అడుగు 1,800 రూపాయలనుకున్నా 36,000. వంటింటి ఎత్తు ఎవరికి అందాలో వాళ్లకే అందింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని సామెత. ఇక్కడ స్వర్గానికి ప్లైవుడ్డు కొట్టించి మరీ ఎగరమంటున్నారు.

అందడం లేదని ఫిర్యాదు చేసి చూడండి, అతనేం నొచ్చుకోడు. క్యాటలాగు తిప్పి ఇంకో పేజీ చూపిస్తాడు: పుల్-డౌన్ ర్యాక్. పిడి పట్టుకు లాగితే పై అర మొత్తం కిందికి దిగి వస్తుంది. పైకి ఎక్కించడానికి ఒక బిల్లు, దించడానికి ఇంకో బిల్లు, జీఎస్టీ అదనం.