బావగారి ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్తున్నామని కుటుంబం వాట్సాప్ గ్రూపులో చెప్పడమే తరువాయి, డెన్వర్ నుంచి మా బావగారు ఉపదేశం మొదలుపెట్టారు. ఆయన కొలరాడో కొండల మీద స్కీయింగ్ చేసినవారు. అందుచేత మంచు కురిసే ప్రతి దేశం మీదా తమకు జమీందారీ హక్కులున్నాయని నమ్ముతారు. "చలి కోటు ఉందా?" అని అడగరు, "మీ లేయరింగ్ సిస్టం ఏమిటి?" అంటారు. భాగాలు భాగాలుగా వచ్చిన ఆ సందేశాన్ని సారం చెడకుండా ఆటవెలదిలోకి దించి, పెద్దల పద్ధతిలో వ్యాఖ్యానిస్తున్నాను.

మూలం

లోన బేసు పొరయు, పైన మిడ్డును గూర్చి
దాని మీద షెల్లు తాల్చవలయు
కాటనన్న మాట కలలోన వలదయ్య
ఇరువదైన కేల నెంచి కొనుము

ప్రతిపదార్థం

లోన, పైన, మీద: స్పష్టం.

బేసు పొరయు: ఒంటిని అంటిపెట్టుకుని ఉండే మెరినో ఉన్ని బనీను, లేదా పాలియెస్టర్ బనీను. చెమటను ఒంటి మీద నిలవనీయకపోవడం దీని ధర్మం.

మిడ్డును: ఫ్లీసు గానీ, పలుచని డౌన్ (బాతు నూగు) జాకెట్టు గానీ. ఇది గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది. వెచ్చదనమంటే ఆ కదలని గాలే.

షెల్లు: గాలినీ వాననూ ఆపే కవచం.

కాటనన్న మాట కలలోన వలదయ్య: ఇది అతిశయోక్తి కాదు, స్వభావోక్తి. నూలు తడిస్తే ఓ పట్టాన ఆరదు. నీరు గాలికన్నా దాదాపు ఇరవై అయిదు రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఇక్కడ బావగారితో వ్యాఖ్యాతకు పేచీ లేదు. 'అయ్య' అన్న సంబోధన మాత్రం బావమరిదిని చిన్నబుచ్చడానికని గ్రహించాలి.

ఇరువదైన కేల: రావణుడికి కోటు కుట్టిస్తున్నారని భ్రమపడరాదు. ఇరవై కె అంటే ఇరవై వేల మిల్లీమీటర్లు. గుడ్డ మీద నీటిని స్తంభంగా నిలబెడితే, అది ఇరవై మీటర్ల ఎత్తు అయ్యేదాకా గుడ్డ లోపలికి చెమ్మ దిగదని పరీక్ష. అంటే ఆరంతస్తుల అపార్ట్‌మెంట్ మీది ట్యాంకు నుంచి నేల దాకా దిగిన పైపులో ఉండే ఒత్తిడి. ఫిబ్రవరి గుల్మార్గ్‌లో పడేది పొడి మంచు. సున్నాకు దిగువన దులిపితే రాలిపోతుంది. మరి ఈ జలప్రళయం ఎవరి కోసం? తడి సీటు మీద కూర్చున్నప్పుడు, మోకాళ్ల మీద పడ్డప్పుడు గుడ్డ మీద ఒత్తిడి పెరిగే మాట నిజమే. కొలరాడోలో బావగారు ఎక్కేది మంచు పడే ఆరుబయటి కుర్చీ లిఫ్టు. మేము ఎక్కేది తలుపులు మూసిన కేబుల్ కారు.

రెండో కె కూడా ఒకటుంది. చెమట ఆవిరి చదరపు మీటరుకు రోజుకు ఎన్ని గ్రాములు బయటికి పోతుందో చెప్పే అంకె అది. పొడిగా ఉంచేది అదే అయినా బావగారికి దాని మీద గౌరవం లేదు. దాన్ని కొలిచే పద్ధతులూ ఒకటి కాదు. గిన్నెను నిటారుగా పెట్టి కొలిస్తే ఒక అంకె వస్తుంది. పొటాషియం ఎసిటేట్ నింపిన గిన్నెను బోర్లించి కొలిస్తే అంతకు బాగా పెద్ద అంకె వస్తుంది. ఏ పద్ధతిలో కొలిచారో చాలా చీటీల మీద ఉండదు. ఒకే మాటకు రెండు రూపాలుంటే వ్యాకరణంలో వైకల్పికం అంటారు. ఒకే గుడ్డకు రెండు అంకెలుంటే అంగట్లో టెక్నాలజీ అంటారు.

విశేషం

మిడ్డులో డౌన్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క మాట. కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరి, మన మెదక్ దగ్గరి కొల్చారం వారు, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పూనారు. నాకు అలాంటి ప్రతిజ్ఞ ఏదీ లేదు.

1922లో ఎవరెస్టుకు వెళ్లిన బ్రిటిష్ దళంలో జార్జ్ ఇంగిల్ ఫించ్ అనే రసాయన శాస్త్రవేత్త ఉన్నాడు. పుట్టింది ఆస్ట్రేలియాలో, చదివింది జ్యూరిక్‌లో. తక్కిన దొరలు ట్వీడు కోట్లు, ఉన్ని స్వెట్టర్లతో కొండెక్కడానికి బయల్దేరితే, ఇతను బెలూన్లకు వాడే గుడ్డ తెచ్చి, లోపల ఈడర్ బాతు నూగు కూరించి, పొడుగాటి కోటు కుట్టించుకున్నాడు. తోటివాళ్లు నవ్వారు. పైకి పోయి చలిగాలి తగిలాక నవ్వు పోయి అసూయ మిగిలింది. మే 27న జెఫ్రీ బ్రూస్‌తో కలిసి, ఆక్సిజన్ సాయంతో 8,300 మీటర్లు దాటాడు. అప్పటికి అంత ఎత్తు ఎక్కిన మనిషి లేడు. బహుమానంగా 1924 దళంలో చోటు ఇవ్వలేదు.

ఆ ఏడు ఎవరెస్టు ఎక్కబోయిన బ్రిటిష్ పర్వతారోహకుడు మాలరీ తిరిగి రాలేదు. 1999లో దొరికిన ఆయన దేహం మీద పట్టు, నూలు, ఉన్ని, వాటన్నిటి మీద గాబర్డీను, పొర మీద పొర ఉన్నాయి. 2006లో ఆ బట్టలకు నకళ్లు కుట్టించి ఎవరెస్టు దగ్గర తొడుక్కుని చూస్తే హాయిగానే ఉన్నాయట. లేయరింగ్ సిస్టం అప్పటికే ఉందన్నమాట. అందులో నూలు కూడా ఉందని బావగారికి ఎవరూ చెప్పకండి.

ఫించ్ కథ ఇంకా ఉంది. 1952లో అతను పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు డైరెక్టరుగా వచ్చి అయిదేళ్లు ఉన్నాడు. ఎవరెస్టుకు నూగు కోటు చూపించిన మనిషికి పుణెలో స్వెట్టరు కూడా బరువే అయి ఉండాలి. ఇంతకీ ఎక్కడున్నాం? ఆఁ, మిడ్డు.

బావగారి ఉపదేశంలో ఛందస్సుకు లొంగనిది '800 ఫిల్'. ఒక ఔన్సు నూగు, అంటే 28 గ్రాములు, ఉబ్బితే 800 ఘనపుటంగుళాలు, సుమారు 13 లీటర్ల చోటు నింపుతుందని దాని అర్థం. నూగు నాణ్యత తెలిసింది, సంతోషం. ఎన్ని గ్రాములు కూరారు? అక్కడ చాలా చీటీలు మౌనవ్రతం పడతాయి. 800 ఫిల్ నూగు 60 గ్రాములు పెడితే వచ్చేది 28 లీటర్లు. 600 ఫిల్ నూగు 150 గ్రాములు పెడితే 52 లీటర్లు. చిన్న అంకె జాకెట్టే దాదాపు రెట్టింపు గాలిని పట్టి ఉంచుతుంది. పెద్ద అంకె జాకెట్టుకు ధర ఎక్కువ, బడాయీ ఎక్కువ.

పూర్వపక్షం

"ఇన్ని అంకెలుండగా ఇంకా లోటేమిటి?"

సిద్ధాంతం

కోటు చీటీ మీద సాధారణంగా వెచ్చదనానికి అంకె ఉండదు. నీరెంత ఆపుతుందో చెప్పారు, ఆవిరెంత వదులుతుందో చెప్పారు, నూగెంత ఉబ్బుతుందో చెప్పారు. ఈ కోటు ఎంత చలికి ఆగుతుందయ్యా అంటే జవాబు లేదు. కొలమానం లేకనా? 1941లోనే శాస్త్రజ్ఞులు 'క్లో' అనే కొలత పెట్టారు: 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషికి సుఖంగా ఉండే బట్టలు ఒక క్లో. స్లీపింగ్ బ్యాగుకు ఎన్ని డిగ్రీల దాకా హాయిగా నిద్రపడుతుందో చెప్పే ఐఎస్ఓ ప్రమాణం ఉంది. యూరప్‌లో చలిలో పనిచేసేవారి దుస్తులకు ఈఎన్ 342 ఉంది. దాని ప్రకారం చీటీ మీద వెచ్చదనం అంకె వేయాలి.

"నడిస్తే మనిషి వేడెక్కుతాడు, ఆగితే చల్లబడతాడు. ఒక్క అంకె ఎలా కుదురుతుంది?" అందురేని, మారేది మనిషి, కోటు కాదు. కోటు అంకె మీరు వేయండి, నడకా నిలకడా మేం చూసుకుంటాం. వేలకు వేలు పోసేవాడికి ఆ మాత్రం చెప్పరా? పడుకున్నవాడి చలికి ప్రమాణం ఉంది. పనికి కాక సరదాకు వచ్చి నిలబడ్డవాడి చలికి బావగారే దిక్కు.

తాత్పర్యం

మూడు పొరలు మంచివే. వాటి ప్రయోజనం తొడుక్కోవడంలో కన్నా విప్పడంలో ఉంది. గుల్మార్గ్ ఎత్తు సుమారు 2,650 మీటర్లు. అఫర్వత్ కొండ మీద కేబుల్ కారు దిగే చోటు 3,900 పైనే. వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీలు తగ్గే లెక్కన ఒకే పూట రెండు చలికాలాలు. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే జిప్పు దించాలి. క్యూలో నిలబడక ముందే మిడ్డు తొడగాలి. ఇరవై కెల కోటు మెడదాకా బిగించి ఎక్కి, క్యూలో ఆగాక వీపు మీది చెమట చల్లబడడమెలా ఉంటుందో ఏ చీటీ మీదా రాయరు. గుల్మార్గ్ దిగువన ఉన్న టంగ్‌మార్గ్‌లో అద్దెకిచ్చే కోటు ఉంది: బొచ్చు కాలరు, తెగిన గుండీ, చంకల దగ్గర నిన్నటి యాత్రికుడి చెమట. కింద పొడి ఉన్ని బనీను ఉంటే, పొడి మంచు రోజున దానితోనూ పూట గడుస్తుంది. స్లెడ్జి లాగే కాశ్మీరీ మనిషి ఒంటి మీది ఫెరన్ అనే పొడుగు అంగీ వదులుగా ఉండేది కూడా లోపల గాలి నిలవడానికే, కాంగ్రీ కుంపటి పట్టడానికే.

పద్యంలో ఇంతకు మించి అర్థం లేదు. ఉందనేవారు చీటీ మీద క్లో అంకె చూపించి వాదించాలి.