జూలీ గిన్నె ఆత్మకథ

రాగియు యశదమును కరగి కలియగా, తణుకు పట్టణమునకు అంత దూరము కాని అజ్జరమను గ్రామమున, తెల్లవారినది మొదలు సుత్తిదెబ్బల మ్రోత వినవచ్చు నొక వీథిలో నేను గిన్నెనైతిని. ఇత్తడి పనికి పేరెన్నికగన్న ఆ యూరిలో నావంటివి అసంఖ్యాకముగా పుట్టినవి గనుక నా జన్మవృత్తాంతమును విస్తరింపను. పెండ్లిసారెలో బిందెలతోను గంగాళముతోను కూడ ఈ యింటికి వచ్చితిని; నన్ను వెంట తెచ్చుకొనిన ఆనాటి క్రొత్తకోడలే నేడు ఇంటిల్లిపాదిచేత మామ్మ యనిపించుకొనుచున్న పెద్దావిడ. ఆ దినములలో నా స్థానము వంటయింటి గూడు. ఏడాది కొకమారు కళాయివాడు వచ్చి, అరుగు ప్రక్కను గొయ్యి త్రవ్వి, తిత్తితో బొగ్గులు రాజవేసి, నన్ను బాగుగా కాచి, నవసాగరము చల్లి, తగరమును నా కడుపున కరగించి దూదితో నలుదెసల పాముచుండగా, నా లోపల తెల్లని నిగ్గు తేరెడిది. ఆ పూత నిలిచినంతకాలము నాలో పోసిన చారుగాని మజ్జిగగాని కనరెక్కిన దినము లేదు.

పిదప స్టీలు వచ్చినది. దానికి కళాయి అక్కరలేదు, చింతపండు పెట్టి తోమ నక్కరలేదు. ఒక్కొక్క గూడే ఖాళీచేసి మమ్ము అటక నెక్కించిరి. కళాయివాని కేక వీథిలో వినబడుట అరుదై, తుదకు ఆగిపోయినది. బిందెలు కొన్ని తూకమునకు పోయినవి. నేను చిన్నదానను, తూకమునకు పెద్దగా రానుగనుక మిగిలితిని. నా లోపలి తగరము అంచున మొదలిడి అడుగుదాక అరిగిపోయినను చూచిన వారు లేరు. నా స్థానము మారినందులకు నాకు కినుక లేదు. ఉంచుకొనదలచిన వస్తువునకు చేయవలసిన పాటి సేవను చేయక, వాడుకను మాత్రము మానకపోవుట, ఇదియే నాకు నేటికిని మరపునకు రాని నొప్పి. దాని ఫలము నేనొక్కదాననే అనుభవించియుండినచో నోరు విప్పకపోదును. నాతోపాటు ఒక మూగజీవియు అనుభవించినది.

జూలీ యను కుక్కపిల్లను వెదురుబుట్టలో పెట్టి తెచ్చిననాడు మామ్మ నన్ను అటక నుండి దింపించి, "దీనికి ఈ గిన్నె చాల్లే" అని పెరటి వసారాలో పెట్టించినది. ఆ మాట నన్ను కుంగదీసినను, తెల్లని బొచ్చులోనుండి నల్లని కన్నులు మాత్రమే అగపడుచున్న ఆ పిల్ల, పాలు నాకుచు నాకుచు ముందరి కాలొకటి నాలోనే పెట్టి నిలిచినప్పుడు, వంటయింటి గూడును మరచితిననుట సత్యము. నాటినుండి నన్ను గచ్చుమీద పెట్టిన చప్పుడు వినబడుటయే తడవు, వీథివాకిట నున్నను పరుగెత్తి వచ్చెడిది. రష్యాదేశపు పావ్‌లోవ్ పండితుడు జీర్ణక్రియను గూర్చి చేసిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమానము నందెనట. ఆహారము నోట పడకమునుపే, అది తెచ్చువాని అడుగుల సవ్వడికే కుక్క నోట లాలాజలము ఊరుట ఆయన కనిపెట్టిన విషయమట. ఆ విషయమును నేను అనుదినము రెండు పూటలను చూచుచుంటిని; జూలీ నోరూరించిన సవ్వడి నాది. దేవుని గదిలోని గంటకు తక్కువైన గౌరవము నాకీ యింట కలదని నేను ఎన్నడును అనుకొనలేదు.

జూలీ తిండికి పేచీలు పెట్టు కుక్కయని ఊరంతయు చెప్పుకొనిరి. అది పుట్టుకతో తెచ్చుకొనిన గుణము కాదు. ఈ వసారాలో నా కన్నులయెదుట నేర్చుకొనిన గుణము. ఒకనాడు ఎండదెబ్బకో కడుపు నిండియో పెరుగన్నము వదలినది. మామ్మ ప్రాణము తల్లడిల్లి, మీగడ వేసినది. మరునాడు మీగడ లేని అన్నమును వాసన చూచి తల త్రిప్పినది, నేయి వచ్చినది. నేతికి విసిగినప్పుడు మేరీ బిస్కట్లు, బిస్కట్లకు విసిగినప్పుడు కోడికూరలోని ముక్క, ఆదివారము కార్జము. తల త్రిప్పినచో మేలైన వస్తువు వచ్చునని ఏ ప్రాణి మాత్రము నేర్చుకొనదు? ఆ కూరముక్కలకు అంటి ఉల్లిపాయయు వెల్లుల్లియు వచ్చెడివి. అవి కుక్క రక్తములోని ఎఱ్ఱకణములను ధ్వంసము చేయునని ఆనాడీ యింట ఎరిగినవారు లేరు. ప్రేమకు కొరత లేదు.

ఏండ్లు గడచి, మూతిమీది వెండ్రుకలు పలుచబడిన వయసున, జూలీ నీళ్లు మిక్కిలిగా త్రాగజొచ్చినది. నా ప్రక్కనున్న నీళ్ల ముంతను మధ్యాహ్నమునకే ఖాళీచేసి, నా అడుగున మిగిలిన తడినికూడ నాకెడిది. వెన్నెముక చేతికి తగులసాగినది. నోట ఒక చెడువాసన. పశువుల డాక్టరు రక్తము పరీక్ష చేయించి, మూత్రపిండములు చెడినవని చెప్పెను. మూత్రపిండముల శక్తిలో మూడింట రెండువంతులకు పైగా నశించినగాని ఈ జబ్బు పైకి తెలియదట. పోయినది తిరిగి రాదు, మిగిలినదానిని కాపాడుకొనవలెను. కాపాడుటకు తిండియే ప్రధానోపాయము: భాస్వరమును ఉప్పును తగ్గించి, మాంసకృత్తులు మితముగా, మేలురకమువి మాత్రమే ఉండునట్లు తయారుచేసిన మందుమేత గుళికలు. ఎముకలు, కార్జము, బిస్కట్లు, పాలు, పెరుగు నిషిద్ధము. "నెమ్మదిగా మార్చండి మామ్మగారూ" అని కూడ ఆయన చెప్పెను. ఆ ఒక్క మాట తక్క తక్కినవన్నియు ఇంటివారికి గుర్తున్నవి.

ఆనాటి రాత్రియే నాలో పెరుగన్నమునకు బదులు ఆ గుళికలు గలగల పోసిరి. అలవాటైన చప్పుడునకు జూలీ వచ్చినది. ముక్కు నా అంచును తాకినది. ఒక్కసారి వాసన చూచి వెనుకకు జరిగి, పెదవులు నాకుకొని, గుటక మ్రింగి, మరల వచ్చి ముక్కుతో గచ్చును నావైపునకు త్రోసినది, లేని మట్టిని నామీద కప్పుచున్నట్లు. ఆ త్రోపులో ముక్కు గరుకు గచ్చుకు రాపిడియై చర్మము లేచినను మానలేదు. కుక్క పెదవులు నాకుకొనుట, గుటకలు మ్రింగుట వికారమునకు చిహ్నములని ఎవరును గ్రహింపలేదు. మామ్మ కుమారుడు, "ఆకలి రుచెరగదు. రెండు పూటలు ఊరుకుంటే అదే తింటుంది" అనెను. సామెత ఆకలి గొన్నవానిని గూర్చినది. జూలీకి ఆకలియే లేదు. మూత్రపిండములు వెడలింపలేని మలినము రక్తమున నిలిచి కడుపును త్రిప్పుచుండెను. ఆరోగ్యముగల కుక్క ఒకపూట తినకున్న బాధ లేదు, జబ్బుకుక్కను మాడ్చుట దాని కండను కరగించుటయే. మేతను ఒక్కమారే మార్చుట, మాడ్చుట అను రెండు తప్పులకు తోడు మూడవది అన్నిటికంటె చేటు చేసినది: డాక్టరు ఇచ్చిన మాత్రను నూరి ఆ గుళికలలో కలిపిరి. చేదు నాలుకకు తగిలిన క్షణమున జూలీ నన్ను విడిచిపెట్టినది. నన్ను పెట్టిన చప్పుడునకు లేచి అరటిచెట్టు చాటునకు పోవుటను నేను చూచితిని. ఇన్నేండ్లు దాని పరుగునకు కారణమైన చప్పుడే ఇది.

ఇంతలో సెలవులకు మనుమరాలు వచ్చినది. గన్నవరములోని పశువైద్య కళాశాలలో చదువుచున్న పిల్ల. ఆమె ముందుగా జూలీని కాదు, నన్ను చేతికెత్తుకొని ముక్కునొద్దకు తెచ్చుకొనినది. ఎన్నేండ్లకు ఒకరు నా లోపలికి చూచిరి! నా అడుగున పచ్చగా చిలుము పట్టియున్నది. "మామ్మా, కళాయి పోయిన ఇత్తడిలో పుల్లటి పెరుగన్నం పెడితే రాగి దిగుతుంది. మన ముక్కుకే తెలుస్తోంది, దానికి తెలియదా?" అనినది. మనుష్యుని ముక్కున వాసన పట్టు కణములు సుమారు 60 లక్షలైన, కుక్క ముక్కున 20 కోట్లకు పైబడి యుండును. రుచిమొగ్గలు మాత్రము మనుష్యునికి సుమారు 9000, కుక్కకు 1700. కావున ఒక వస్తువు కుక్కకు తినదగినదా కాదా యని తీర్పు చెప్పునది నాలుక కాదు, ముక్కు. తల త్రిప్పుట అహంకారమని ఇంటివారనుకొనిరి; అది తన ముక్కును నమ్మి తన్ను కాపాడుకొనుట. ఆ ముక్కు వికారము, చిలుము, మాత్ర చేదు, ఈ మూడింటిని ఒక్క పేరున, ఆ గుళికల పేరున, నా పేరున గుర్తుంచుకొనినది.

నన్ను తీసి గోడమీద పెట్టి, వెడల్పాటి స్టీలు పళ్లెము తెచ్చినది. నాకు దుఃఖము కలుగలేదనను. పూత అరుగుట నా యపరాధము కాదు. కాని ఆ పిల్ల చేసినది న్యాయము. గోడమీదనుండియే తక్కినదంతయు చూచితిని.

మొదట వికారము తగ్గుటకు డాక్టరుచేత మందు వ్రాయించినది. అది తగ్గువరకు గుళికల డబ్బా మూతయే తీయలేదు, వికారముతోనున్నప్పుడు ముందుంచిన మేతపై ఏవగింపు చిరకాలము నిలుచునట. మాత్రలను మేతకు దూరముగా, వేరువేళ, చిన్న అన్నపుముద్దలో పెట్టి మ్రింగించినది. పిమ్మట మెత్తని అన్నములో ఉడికించిన గుడ్డు తెల్లసొన కలిపి, దానిలో గుళికలు చిటికెడు మాత్రమే నలిపి వేసినది. తెల్లసొనలో భాస్వరము స్వల్పము, మాంసకృత్తులు శ్రేష్ఠము. "కుక్కకు అన్నం అరుగుతుందా?" అని తండ్రి అడిగినప్పుడు, మనుష్యుని వెంట వేల యేండ్లు బ్రతికిన కుక్క పిండిపదార్థములను జీర్ణించుకొను జన్యువులను తోడేలుకంటె హెచ్చుగా సంపాదించుకొనెనని 2013లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన సంగతి చెప్పినది. ప్రతిపూటయు గోరువెచ్చని నీరు పోసి, కుక్క ఒంటి వేడికి సరిపోవునట్లు వ్రేలు ముంచి చూచినది. వెచ్చదనమునకు వాసన లేచును. ఆరోగ్యముగల కుక్కకు నాలుగింట ఒకవంతు, సగము, ముప్పాతికగా వారము పదిదినములలో మేత మార్చవచ్చును. జూలీవంటి ముసలి రోగికి మూడునాలుగు వారములైనను తొందర కూడదు. పళ్లెము పెట్టి ఇరువది నిముషములు చూచి, తినకున్న మారుమాటాడక తీసివేసెడిది. బతిమాలుట లేదు, గద్దించుట లేదు, బదులుగా బిస్కట్టు లేదు.

మొదటి పూటలలో జూలీ అన్నమును తిని గుళికల నలుసులను పళ్లెము అంచున పేర్చి పోయెడిది. ఆ నలుసులను చూచి మామ్మ కంట నీరు పెట్టుకొనినది. "ముసలిదానికి ఈ శిక్షెందుకే అమ్మడూ, తిన్నన్నాళ్లు తిననీ" అనినది. ఆ మాటలో ప్రేమ కలదు, నేను తోసివేయలేను; మనుమరాలును తోసివేయలేదు. మామ్మ చేతినే పట్టుకొని, ఆ తడిసిన గుళికను ఆమె వ్రేళ్లతోనే జూలీ నోటికి అందింపజేసినది. ఈ యింట జూలీ తొలిసారి నాకిన వ్రేళ్లవి. అది వాసన చూచినది, మామ్మ ముఖము వంక చూచినది, తీసుకొనినది. అంతలో చుట్టమొకడు జాలిపడి మాంసపుటెముక వేయుటవలన సాధించినదంతయు పోయి, మరల చిటికెడునుండి మొదలు పెట్టవలసివచ్చెను. ఆ పిల్ల విసుగుకొనలేదు. 1930ల చివర అమెరికాలో మార్క్ మోరిస్ అను పశువైద్యుడు మూత్రపిండవ్యాధి సోకిన కుక్కలకై ప్రత్యేకాహారమును భార్యతోకూడ ఇంటనే వండి గాజుసీసాలలో నింపెనని ఆ రాత్రి మామ్మకు చెప్పుచుండగా వింటిని. నేడు దుకాణములలో దొరకు మందుమేతలకు ఆ యింటివంటయే మూలము.

ఇప్పుడు పళ్లెమున ముప్పాతిక గుళికలే. జబ్బు పోలేదు, పోదు. కాని వెన్నెముక అంతగా తగులుట లేదు, నీళ్ల ముంత సాయంత్రము వరకు ఆగుచున్నది. నన్ను మరల అటక నెక్కించిరి. మిగిలిన గంగాళముతో కూడ తూకమునకు వేయుదమని కోడలుగారు అనుచున్నారు, వేయనిండు. జూలీకి మేత పెట్టు పద్ధతిని మనుమరాలు గన్నవరము పోవుచు వ్రాసియిచ్చిన కాగితము వసారా గోడకు అంటించియున్నది.

సంక్రాంతికి చుట్టములు నిండిరి. ఆ చుట్టమే విస్తరినుండి గారె త్రుంచి, "పాపం, పండగపూట" అనుచు వసారా వైపు చేయి చాచెను. మామ్మ లేచి ఆ మణికట్టు పట్టుకొనినది. "ఒరేయ్, అందులో ఉల్లిపాయుంది. దానికి నీ చేత్తో పెట్టాలనుంటే ఆ కాగితం చదువు, గోరువెచ్చటి నీళ్లు పట్టుకురా, ఇరవై నిమిషాలు ఇక్కడ కూర్చో."