సభకు స్లాటు అక్కర్లేదు!

నాగార్జున సాగర్ ఉప ఎన్నిక పుణ్యమా అని 2021లో హాలియాకు రెండు డోసులు పడ్డాయి. టీకాలు కాదండీ, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సభలు! ఫిబ్రవరి 10న మొదటిది, ఏప్రిల్ 14న రెండోది; గడువు సరిగ్గా 9 వారాలు. వయసు పట్టింపు లేదు, స్లాటు గొడవ లేదు. రెండో సభ అయిన 5 రోజులకు కేసీఆర్‌కే కరోనా పాజిటివ్.

మే 1 నుంచి 18 దాటినవాళ్లకూ టీకా అన్నారు. ముందు కోవిన్‌లో నమోదు కావాలట. ఆ పోర్టల్‌కు అప్పటికి తెలుగు రాదు! 6-8 వారాలన్న కోవిషీల్డ్ డోసుల మధ్య గడువు మే 13న 12-16 వారాలైంది. (సభల గడువే నయం.) జూన్ 21న కేంద్రమే 18 దాటినవాళ్లందరికీ ఉచితంగా వేయడం మొదలుపెట్టగానే దేశంలో ఒక్కరోజే 80 లక్షలకు పైగా డోసులు పడ్డాయి. జనమే ముందుకు రాలేదన్న నింద ఇక కట్టిపెట్టండి.