కుందలహళ్ళిలో కొనేవాడి వేట

డిజిటల్ మార్కెటింగ్ సదస్సుకు వెళ్ళినవాడు ముందు చూడాల్సింది వేదికను కాదు, మెడల్లో వేలాడే బ్యాడ్జీలను. మొన్న బెంగళూరు కుందలహళ్ళిలో ఓ స్టార్ హోటల్లో కమ్యూనికేషన్ నిపుణుల కోసం జరిగిన సదస్సులో వాటికి నాలుగు రంగులున్నాయి. నీలం వక్తలకు, ఎరుపు స్పాన్సర్లకు, పసుపు డెలిగేట్లకు, ఆకుపచ్చ 'బ్రాండ్' వాళ్ళకు. పత్రికలవాళ్ళకు రంగు లేదు, తెల్ల కాగితం మీద పెన్నుతో పేరు రాసిచ్చారు. సదస్సు పేరు చెప్పను. ఇలాంటివి ఈ ఊళ్ళో జరుగుతూనే ఉంటాయి, ఒకదాని ఫోటోలు ఇంకోదానికి వాడుకున్నా ఎవరూ కనిపెట్టలేరు.

రంగుల మర్మం టీ బ్రేకుకల్లా బోధపడింది. ఎరుపువాళ్ళు సాఫ్ట్‌వేర్ అమ్ముతారు. పసుపువాళ్ళు ఏజెన్సీల తరఫున ప్రచారం అమ్ముతారు. నీలంవాళ్ళు తమ పుస్తకమో కోర్సో, రెండూ లేకపోతే తమనో అమ్ముకుంటారు. ఈ ముగ్గురికీ టికెట్లూ స్టాళ్ళూ అమ్మింది నిర్వాహకులు. ఇక కొనవలసింది ఆకుపచ్చ. హాలంతా వెతికితే అది నాకు ఒక్క మెడలోనే కనబడింది. నలభై దాటిన మనిషి, నిద్రలేని మొహం. కాఫీ దగ్గర ముగ్గురు చుట్టుముట్టారు, లిఫ్టు దగ్గర ఇద్దరు కాపు కాశారు. బాత్రూములో ఒకాయన పక్కనే నిలబడి, "మీ కంటెంట్ స్ట్రాటజీ ఎవరు చూస్తారు సార్?" అని మర్యాదగా అడిగాడు. బయటికొస్తూనే పాపం ఆ మనిషి బ్యాడ్జీని తిరగేసుకున్నాడు. తెల్లటి వెనక వైపు చూసి ఆయన్నీ నాలాగే పత్రికవాడనుకుని, జనం పలకరించడం మానేశారు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నప్పుడు అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ కంపెనీ మార్కెటింగ్ బడ్జెట్ మొత్తం కోసేసిందట. తన సీటుకు కూడా గ్యారంటీ లేదట. ఎవరైనా ఉద్యోగం ఇస్తారేమో చూద్దామని వచ్చాడు. అంటే హాల్లో ఉన్న ఒకే ఒక్క కొనుగోలుదారు కూడా అమ్ముకోవడానికే వచ్చాడన్నమాట.

నాకు ప్రవేశం ఉచితం. మిగతావాళ్ళు డబ్బు పోసి టికెట్టు కొన్నారు. కొనేటప్పుడు వాళ్ళకు తెర మీద ఓ ఎర్ర గడియారం వెనక్కి తిరుగుతూ కనబడిందట. తక్కువ ధర ఇంకాసేపే, మూడు సీట్లే మిగిలాయి, త్వరపడండి! ఆ మూడు సీట్లు నెల పొడుగునా మూడు సీట్లుగానే ఉన్నాయని నా వెనక కుర్రాడు చెప్పాడు. తీరా చూస్తే వెనక వరసలన్నీ ఖాళీ. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు జారీ చేసింది. ఆన్‌లైన్లో జనాన్ని బుట్టలో వేసే 13 రకాల ఎత్తుగడలను పేరుపేరునా కూడదంది. ఆ పట్టికలో మొదటిదే ఈ లేని తొందర పుట్టించడం. విచిత్రమేమిటంటే మధ్యాహ్నం ఒక సెషను సరిగ్గా దీని మీదే. వక్త చాలా బాగా చెప్పింది, చప్పట్లు కూడా పడ్డాయి. ఆమె దిగీ దిగకముందే నిర్వాహకుడు మైకు లాక్కుని, వచ్చే ఏడాది టికెట్టుకు రాయితీ ఈ రాత్రి పన్నెండింటి దాకానే అని ప్రకటించాడు.

పొద్దుటి ముఖ్య ప్రసంగం నిజాయితీ మీద. బ్రాండు మనిషిలా మాట్లాడాలి, యంత్రంలా కాదు అన్నాడు వక్త. వెనక తెర మీద రెండు చేతులు కలుపుకుంటున్న బొమ్మ. ఒక చేతికి ఆరు వేళ్ళున్నాయి. తర్వాత జరిగిన ప్యానెల్ చర్చలో ప్రశ్నలు చాట్‌జీపీటీ రాసినవి, జవాబులూ చాట్‌జీపీటీ రాసినవే. మధ్యలో ఐదుగురు మనుషులు ఎండ కన్నెరగని సోఫాల్లో కూర్చుని వాటిని ఒకరికొకరు అందించుకున్నారు. వినేవాళ్ళంటారా, ఎవరి ఫోన్లో వాళ్ళు లింక్డ్‌ఇన్‌కి పోస్టు రాసుకుంటున్నారు. పక్కాయన తెర మీదికి ఓ చూపు వేశాను, తప్పే గానీ వృత్తిధర్మం. 'ఈ మహత్తర చర్చలో పాలుపంచుకునే భాగ్యం కలిగినందుకు వినమ్రంగా తల వంచుతున్నాను' అని రాస్తున్నాడు. తల వంచిన మాట మాత్రం నిజం.

సంఖ్యలంటే భయం లేని ఒక వక్త మాత్రం పనికొచ్చే మాట చెప్పాడు. 1994 అక్టోబరు 27న హాట్‌వైర్డ్ అనే వెబ్‌సైటులో ఏటీ అండ్ టీ కంపెనీ బ్యానరు ప్రకటన పెడితే చూసినవాళ్ళలో 44 శాతం మంది దాన్ని నొక్కారట. ఇప్పుడు అలాంటి బ్యానరును నూటికి ఒక్కరు నొక్కినా గొప్పే. ఎందుకలా పడిపోయిందో చెబుతాడేమోనని ఎదురుచూశాను. తన సాఫ్ట్‌వేర్ వాడకపోవడం వల్లే అన్నాడు. నాకు తెలిసిన కారణం ఇంకొకటుంది. అప్పుడు నొక్కినవాళ్ళకు నొక్కితే ఏమవుతుందో తెలియదు.

ఈ డిజిటల్ ప్రకటనల వంశవృక్షానికి మూలపురుషుడు ఇంకా పాతవాడు. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసే గ్యారీ థర్క్ అప్పటి కంప్యూటర్ నెట్‌వర్క్ ఆర్పానెట్ మీదున్న సుమారు 400 మందికి ఒకే దెబ్బకు కంప్యూటర్ల ప్రకటన మెయిలు కొట్టాడు. అందుకున్నవాళ్ళు భగ్గుమన్నారు. దానివల్ల 13 మిలియన్ డాలర్ల సరుకు అమ్ముడుపోయిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ప్రచారం ఫలించిందా లేదా అనే తీర్పు ప్రచారం చేసినవాడే ఇచ్చుకునే సంప్రదాయం ఈ రంగంలో చెక్కుచెదరకుండా ఉంది. సాయంత్రం అవార్డుల కార్యక్రమం చూసినవారెవరూ దీన్ని కాదనలేరు. ఎంట్రీ ఫీజు కట్టిన ప్రతివారూ ఏదో ఒక విభాగంలో ఉత్తములే.

రోజంతా అమెరికా పేర్లు విన్నాం. సగం హాలు తెలుగువాళ్ళే అయినా (టీ దగ్గర తెలిసిపోతుంది, కప్పు చేతికందగానే ఇంగ్లీషు జారిపోతుంది) కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు ఒక్కరి నోట రాలేదు. కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన ఆ మనిషి 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, కొత్తలో సంగీత సభల్లో జనానికి ఊరికే పంచిపెట్టారంటారు. ఇప్పటివాళ్ళు దీనికి శాంప్లింగ్ అనీ టార్గెటింగ్ అనీ రెండు పేర్లు పెట్టి రెండు బిల్లులు వేస్తారు. ఆ డబ్బా మీద వచ్చిన డబ్బుతోనే 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు, 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు. నేటి నిపుణుడు సరుకు అమ్మడానికి పత్రికలాంటిది ఒకటి నడిపి దాన్ని కంటెంట్ మార్కెటింగ్ అంటాడు. పంతులుగారు సరుకు అమ్మి పత్రిక నడిపారు. పత్రికవాణ్ణి కాబట్టి నాకు రెండోదే బాగుంటుంది, అందులో దాపరికం లేదు. ఆయన గనక మధ్యాహ్నం మూడు గంటల సెషను బయట ఓ చిన్న స్టాలు పెట్టుంటే, ఆ రోజుకు నిజమైన అమ్మకం ఆయనదే అయ్యుండేది.

ఆ మూడు గంటల సెషను సంక్షోభ సమయంలో సమాచారం గురించి. పబ్లిక్ రిలేషన్స్ పాఠాల్లో తప్పకుండా వచ్చే ఐవీ లీ కథ చెప్పారు. 1906లో అట్లాంటిక్ సిటీలో రైలు ప్రమాదం జరిగితే, పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీకి సలహాదారుగా ఉన్న ఆయన సంగతి దాచకుండా విలేకరులకు ప్రకటన ఇచ్చి, స్వయంగా వాళ్ళను ప్రమాదస్థలికి తీసుకెళ్ళే ఏర్పాటు చేశాడు. ప్రపంచంలో తొలి ప్రెస్ రిలీజ్ అదేనంటారు. అంత దూరం పోవడం దేనికి? హోటలు మెట్లు దిగితే కుందలహళ్ళి అండర్‌పాస్ ఉంది. 2022 జూన్‌లో దాన్ని తెరిచిన కొద్ది రోజులకే అక్కడ రోడ్డు కుంగింది. తప్పు నీటిపైపు లీకేజీదని అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ అంది. పైపు మాత్రం ఏ ప్రకటనా ఇవ్వలేదు. ఒక కార్యాలయం ఇంకో కార్యాలయం వైపు వేలు చూపించడానికి ఏజెన్సీ అక్కర్లేదు, స్లయిడ్లు అక్కర్లేదు. ప్యానెల్లో ఎవరికీ ఈ ఉదాహరణ తట్టలేదు. వాళ్ళలో ఇద్దరు అదే దారిన వచ్చారు, ఆలస్యంగా.

'కస్టమర్ జర్నీ' మీద మాట్లాడినామెకు కూడా చేతికందే దూరంలోనే మెట్రో ఉంది. 2023 మార్చి చివర్లో వైట్‌ఫీల్డ్ నుంచి కృష్ణరాజపురం దాకా రైలు నడిపారు, కుందలహళ్ళి స్టేషను అందులోదే. కాకపోతే కృష్ణరాజపురం నుంచి బైయప్పనహళ్ళి దాకా రెండు కిలోమీటర్ల చిల్లర ముక్క అప్పటికి తయారు కాలేదు. ప్రయాణికుడు దిగి, బస్సెక్కి, మళ్ళీ దిగి, ఇంకో రైలెక్కేవాడు. అక్టోబరు 9న గానీ అతుకు పడలేదు. కస్టమరు మధ్యలో ఎక్కడ జారిపోతాడో అని ఆమె గంటసేపు బాణాల బొమ్మలు వేసింది గానీ, అన్ని చోట్లా జారిపోతూ కూడా రోజూ ఆఫీసుకు వెళ్ళిన కస్టమరు గురించి ఒక్క ముక్క అనలేదు.

రోజు మొత్తానికి అసలైన ప్రశ్న ఒక్కటే వచ్చింది. అడిగింది నిపుణుడు కాదు, కాలేజీ అమ్మాయి. "140తో మొదలయ్యే నంబరు నుంచి కాల్ వస్తే ఇక్కడ ఎంతమంది ఎత్తుతారు?" అంది. టెలిమార్కెటింగ్ కాల్స్‌కి కేటాయించిన వరస అది. ఒక్క చెయ్యీ లేవలేదు. 1909కి మెసేజ్ పెట్టి ఇలాంటి కాల్స్ ఆపించుకున్నవాళ్ళెవరని ఆ పిల్ల మళ్ళీ అడిగింది. వేదిక మీదున్నవాళ్ళతో సహా సగం హాలు చెయ్యెత్తింది. తాము వండింది తాము తినని వంటవాళ్ళు! "చాలా మంచి ప్రశ్న" అని మోడరేటరు మెచ్చుకుని, టీకి పంపేశాడు.

నేను బయటికొచ్చి ఏఈసీఎస్ లేఅవుట్ వైపు నడిచాను. ఇక్కడ కరెంటు స్తంభాలకు పచ్చ, గులాబి రంగుల ఏ4 కాగితాలు అంటించి ఉంటాయి. 'జెంట్స్ పీజీ, ఆంధ్రా భోజనం, వైఫై, వేడినీళ్ళు', కింద ఫోన్ నంబరు. బహిరంగ స్థలాలను ఇలా ఖరాబు చెయ్యకూడదని కర్ణాటకలో 1981 నుంచి చట్టం ఉంది. 2018లో హైకోర్టు గట్టిగా పట్టుకుంటే బీబీఎంపీ నగరమంతా ఫ్లెక్సీలు పీకించింది కూడా. ఏ4 కాగితం మాత్రం ఏ చట్టానికీ లొంగలేదు. ఒకటి పీకితే కింద ఇంకొకటి కనబడుతుంది.

ఈ పీజీ హాస్టళ్ళలో బోలెడన్ని నెల్లూరు, ప్రకాశం, కడప, చిత్తూరు జిల్లాల వాళ్ళు నడిపేవి. వాళ్ళ మార్కెటింగ్‌లో స్లయిడ్లు లేవు. బుధవారం కోడికూర, ఆదివారం బిర్యానీ అని వాట్సాప్ గ్రూపులో పెడతారు, పప్పులో ఉప్పెక్కువైతే రెండు నిమిషాల్లో నలభై సమాధానాలొస్తాయి. వాళ్ళను మహాత్ములని అనడం లేదు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి మెయింటెనెన్స్ పేరుతో కోసే డబ్బు చూస్తే ఆ 13 ఎత్తుగడల పట్టికకు ఇంకో వరస కలపాలనిపిస్తుంది. కాకపోతే ఇక్కడ అమ్మేవాడికి ఎదురుగా కొనేవాడున్నాడు.

స్తంభం దగ్గర పసుపు బ్యాడ్జీ కుర్రాడొకడు నిలబడి కాగితం ఫోటో తీసుకుంటున్నాడు. ఏజెన్సీలో కొత్తగా చేరాడట, సోమవారం లోపల బెడ్డు దొరకాలట. నంబరు కొట్టాడు. రెండో రింగుకే అవతలివైపు ఎత్తారు. స్పీకరు ఆన్‌లో ఉంది.

"ఏ ఊరబ్బాయ్ మీది?"

"ఒంగోలండీ."

"ఒంగోల్లో ఎక్కడ?"

చెప్పాడు. అవతలాయన ఆ వీధిలో తన తోడల్లుడి ఇల్లుందన్నాడు. త్రీ షేరింగ్‌లో ఒకటే బెడ్డు ఖాళీ అన్నాడు. అది నిజంగా ఒకటేనో, సదస్సువాళ్ళ మూడు సీట్ల లాంటిదో నాకు తెలియదు.

"అడ్వాన్సు ఎంతండీ?"

"రెండు నెలలది. పోయేటప్పుడు అందులో మూడు వేలు మెయింటెనెన్స్ పట్టుకుంటాం."

"మెయింటెనెన్స్ దేనికండీ?"

"అందరికీ అంతేలే అబ్బాయ్. తిన్నావా?"

"తిన్లేదండీ, ఇక్కడ అన్నీ సలాడ్లే పెట్టారు."

"అయితే ఇప్పుడే వచ్చెయ్. గోంగూర ఉంది."

కుర్రాడు బ్యాడ్జీ తీసి జేబులో కుక్కుకుని రోడ్డు దాటాడు.