మెజార్టీ చిన్నాయన

పులివెందులలో ఎవరు గెలుస్తారని అడిగితే మా చిన్నాయనకు ఒళ్లు మండుతుంది. "అది అడిగేదానికి ఇంత దూరం వచ్చినావా? మెజార్టీ అడగబ్బీ!" అంటాడు. 1978 నుంచి ఆ అసెంబ్లీ సీటు వైఎస్ కుటుంబం చేయి దాటలేదు. గెలిచేదెవరో ఊరి పిల్లోళ్లకు కూడా తెలిసిన చోట జోస్యగాడికి మిగిలేది మెజార్టీ ఒక్కటే. చిన్నాయన పెద్దరికమంతా దాని మీదే నడుస్తోంది.

పోలింగ్ రోజు సాయంత్రం టీ అంగడి బెంచీ ఆయనదే. వేంపల్లె, వేముల, లింగాల, తొండూరు అని మండలానికో పేజీ గీసిన డైరీ ఒళ్లో ఉంటుంది. ఏజెంట్లు వచ్చి చెవిలో ఊదుతారు. చిన్నాయన కళ్లద్దాలు నొసటి మీదికి తోసి, పెన్ను మూత పళ్లతో లాగి, ఒక అంకె వేసి, కొట్టేసి, పక్కన ఇంకోటి వేస్తాడు. చీనీ మండీలో టన్నుకింత అని సూటు తీసినట్టు, ఏజెంటు మాటలోంచి మూడో వంతు తీసేస్తాడు.

2011 ఉప ఎన్నికలో ఆ కుటుంబంలోని వదినా మరుదులు విజయమ్మ, వివేకానందరెడ్డి ఎదురెదురుగా నిలబడ్డారు. జిల్లా అంతా తలలు పట్టుకుంటే చిన్నాయన మాత్రం "ఈసారీ ఆ ఇంటోళ్లే" అని తేల్చేశాడు. విజయమ్మ 81 వేల పైచిలుకుతో గెలిచాక "నేను చెప్పలే?" అంటూ వీధంతా తిరిగాడు.

2019లో తొంభై వేలు దాటితే మీసం తీసేస్తానన్నాడు. జగన్‌కు 90,110 వచ్చింది. మీసం అట్లనే ఉంది. "ఆ నూటపదీ పోస్టల్ ఓట్లబ్బీ, అవి లెక్కలోకి రావు." 2024లో లక్ష ఖాయమన్నాడు, 61,687 దగ్గర ఆగింది. అప్పుడు తప్పు ఎండది. అదే ఎన్నికల్లో జగన్ పార్టీ వైఎస్సార్‌సీపీ రాష్ట్రంలో 151 సీట్ల నుంచి 11కు దిగిన సంగతి ఎత్తితే, "రాష్ట్రం మన సబ్జెక్టు కాదులే" అని డైరీ మూసేశాడు. నాకు రావలసిన పందెం డబ్బులు కూడా ఆ డైరీలోనే ఎక్కడో మూతబడ్డాయి.

అట్లాగని తిట్టి ఊరుకోలేను. ఎవరి కొడుకు కువైట్ పోయినాడో, ఏ కోడలి ఓటు ఇంకా పుట్టింట్లోనే ఉందో ఆయనకు నోటికొచ్చు. ఊళ్లో ఎవరైనా పోతే ముందు ఓటు కొట్టేసి, తర్వాత పాడె పట్టేదానికి పోతాడు. పిలవకపోయినా పోతాడు. దినాలదాకా ఆ ఇంట్లోనే ఉండి వంటవాళ్లకు అడ్డం పడతాడు.

2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నిక వచ్చింది. తెలుగుదేశం గెలిచింది, వైఎస్సార్‌సీపీకి డిపాజిట్ పోయింది. రిగ్గింగని ఒకరు, జనం ఇన్నాళ్లకు ధైర్యంగా ఓటేశారని ఇంకొకరు కొట్టుకున్నారు. ఇంత జరిగితే నేను ఊరుకుంటానా, పనిగట్టుకుని పోయి చిన్నాయన ముందు కూర్చున్నా.

"జడ్పీటీసీకి ఎవురన్నా లెక్కలు కడతారా?" అన్నాడు, నా మొహం చూడకుండా.

"పోనీ, 2029కి ఎంత?"

కాసేపు వేళ్లు మడిచాడు. "డెబ్బై."

"పందెమా?"

"పందేలు తప్పబ్బీ," అన్నాడు చిన్నాయన.